కొత్త అల్లుణ్ణి, వీగన్‌ని: తొలి సంక్రాంతికి అత్తారింటికి వెళ్ళనా, మాననా?

ప్రశ్న: నాకు 31 ఏళ్ళు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కిందటి వైశాఖంలో పెళ్ళయింది. అత్తగారిది కోనసీమ. పెళ్ళయిన కొన్నాళ్ళకు డెయిరీల్లో దూడల పరిస్థితి, కోళ్ళఫారాల సంగతి తెలుసుకున్నాక మనసొప్పక మాంసం, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేశాను. దసరాకు అత్తారింటికి వెళ్ళినప్పుడు ఈ విషయం ముందుగా చెప్పలేదు. విస్తరి ముందు కూర్చుని ఒక్కొక్కటీ వద్దంటుంటే అత్తగారి మొహం వాడిపోయింది. ఆవకాయ అన్నం తిని లేచాను. నేను దేనికో అలిగానని అనుకున్నారట, మామగారు మా నాన్నకు ఫోన్ చేసి ‘మావల్ల ఏమైనా లోపం జరిగిందా’ అని అడిగారు. ఇప్పుడు తొలి సంక్రాంతి వస్తోంది. ‘అక్కడున్న నాలుగు రోజులూ తినేయండి, తర్వాత మీ ఇష్టం’ అంటోంది నా భార్య. బావమరుదులు ఆటపట్టిస్తున్నారు. అసలు పండక్కి వెళ్ళకపోతేనే నయమేమో అనిపిస్తోంది.

జవాబు: వెళ్ళండి. తినకూడదనుకున్నవి తినకుండానే వెళ్ళండి. రెండూ కుదురుతాయి, కాకపోతే దానికి చేయాల్సిన పనంతా విస్తరి వేయకముందే అయిపోవాలి.

దసరాకు జరిగింది మీ వైపు నుంచి చూస్తే చాలా చిన్న విషయం, మీ నియమం మీరు పాటించారు. వాళ్ళ వైపు నుంచి చూడండి. మన పెళ్ళిళ్ళలో అలకపాన్పు అని ఒక వేడుకే ఉంది, అల్లుడు అలగడం, అత్తమామలు బతిమాలి అడిగింది ఇచ్చి లేపడం. కొత్త అల్లుడు కారణం చెప్పకుండా కూర వద్దు, పప్పు వద్దు, నెయ్యి వద్దు, పెరుగు వద్దు అంటూ ఆవకాయతో సరిపెట్టుకుని లేచాడంటే ఆ ఇంట్లో పెద్దవాళ్ళకు తట్టే ఆలోచన ఒక్కటే, పెట్టుపోతల్లో ఎక్కడో తక్కువైంది, మర్యాదలో లోటు జరిగింది అని. వీగన్ అనే ఆలోచన వాళ్ళకు రాదు, రావడానికి చుట్టుపక్కల అలాంటి మనిషి లేడు. 2014లో కేంద్రం చేసిన నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్ళు దాటినవాళ్ళలో 98 శాతం మంది మాంసం తినేవాళ్ళే అని తేలింది, ఇక నెయ్యి కూడా వద్దనేవాళ్ళు ఎంతమంది ఉంటారు? మీ మామగారు మీ నాన్నకు చేసిన ఫోన్ కూతురి కాపురం మీద బెంగతో చేసింది. మీరు వెంటనే తీర్చాల్సింది ఆ బెంగ. ఇప్పుడు పండక్కి వెళ్ళకపోతే వాళ్ళ అనుమానం నిజమైపోతుంది, ఊళ్ళో నలుగురూ అడుగుతారు, ఆ నలుగురికీ జవాబు చెప్పుకోవాల్సింది మీ అత్తగారు.

కాబట్టి ముందు మామగారికి ఫోన్ చేయండి. మీ భార్యతో చెప్పించకండి, మీ నాన్నతో అసలే వద్దు. ‘మామయ్య గారూ, దసరాకు నేను ముందే చెప్పి ఉండాల్సింది, మీ మర్యాదలో ఏ లోటూ లేదు, నేను కొన్ని నెలలుగా మాంసం, పాలు, నెయ్యి మానేశాను, మా ఇంట్లో కూడా తినడం లేదు’ అని మీ నోటితో మీరు చెబితే ఆయన గుండెల మీద బరువు దిగిపోతుంది. ‘మా ఇంట్లో కూడా’ అన్న మాట మాత్రం మర్చిపోవద్దు, వాళ్ళింట్లోనే తినడం లేదేమో అన్న అనుమానం దాంతోనే పోతుంది.

తర్వాత అత్తగారు. మీరు వద్దన్న ప్రతిసారీ ఆవిడకు చేతిలో పని లాగేసుకున్నట్టు ఉంటుంది, అల్లుడికి వండి పెట్టడం కోసం ఆవిడ పెళ్ళికి ముందు నుంచే ఎదురుచూసి ఉంటుంది. అందుకని ఆవిడతో మాట్లాడేటప్పుడు తినని వాటి జాబితాతో మొదలుపెట్టకండి. మీ చేతి కంద బచ్చలి కూర తినాలని ఉంది అత్తయ్యా అనండి. సంక్రాంతి నాటికి చిక్కుడుకాయలు, గుమ్మడికాయలు, వంకాయలు దండిగా వస్తాయి, కొత్త బియ్యం వస్తాయి. గుత్తివంకాయ, ఆవపెట్టిన అరటికాయ కూర, గుమ్మడికాయ పులుసు, పులిహోర, గోంగూర, కొబ్బరి పచ్చడి, గారెలు, బూరెలు... వీటిలో ఏదీ మీకోసం కొత్తగా నేర్చుకుని వండాల్సింది కాదు. పోపు నెయ్యిలో కాకుండా నూనెలో వేస్తే చాలు, పప్పు కూడా అంతే. బూరె మధ్యలో గుంట చేసి నెయ్యి పోయకపోతే అదీ మీదే. కనుమ నాడు మినుము తినాలంటారు, గారెల పక్కన వాళ్ళు నాటుకోడి కూర వేసుకుంటారు, మీరు అల్లం పచ్చడి వేసుకోండి.

పిండివంటల దగ్గర కాస్త ముందుచూపు కావాలి. అరిసెల్లో చాలామంది నెయ్యి వేస్తారు, నెయ్యి పడకముందే మీ వాటా పిండి పక్కకు తీసి నూనెలో వేయించమంటే అది పెద్ద పని కాదు, కానీ చేసేశాక అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు. జంతికల్లో వెన్న బదులు కాచిన నూనె పోసి కలిపితే కూడా గుల్లగానే వస్తాయి. సున్నుండలు, పూతరేకుల జోలికి మాత్రం వెళ్ళకండి, నెయ్యి లేకుండా చేయమని అడిగితే ఆవిడకు ఇబ్బంది, మీకు రుచీ ఉండదు. ఇక కోనసీమలో కొబ్బరికాయకు కొదవేముంది, పరమాన్నం కొబ్బరిపాలతో చేయించుకోండి. బెల్లం కరిగి అన్నం ఉడికి పొయ్యి మీంచి దించాక ఆ చిక్కటి పాలు పోస్తే విరగవు. ఇది మీరు ఒకసారి ఇంట్లో చేసి చూసుకుని వెళితే ఇంకా మంచిది, భోగి రోజు పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళి ‘ఇది నేను చేస్తాను’ అంటే అత్తగారు వద్దంటూనే సంతోషిస్తారు.

పెరుగు దగ్గర ఎక్కువ గొడవ అవుతుంది, చూసుకోండి. మాంసం తినకపోవడం మనవాళ్ళకు తెలియనిది కాదు. కార్తీక మాసం ఉంది, శనివారాలు ఉన్నాయి, అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు వాళ్ళకు మడిగా వేరే వండి పెడతారు, ఎవరూ ఒక్క మాట అనరు. కానీ ఆ నియమాలన్నిటిలోనూ పాలు, నెయ్యి ఉంటాయి, అవి పవిత్రం అనే లెక్క. పైగా పెరుగన్నం తినకుండా లేస్తే భోజనం పూర్తయినట్టు కాదు. ‘చివర్లో చారుతో తింటాను అత్తయ్యా’ అని ముందే చెప్పి ఉంచండి. ఓపికుంటే వేరుశెనగ పాలు తీసి కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పచ్చిమిరపకాయ తొడిమలు వేసి తోడు పెట్టుకోవచ్చు, కాస్త వేరే వాసన ఉంటుంది కానీ మజ్జిగన్నం లోటు తీరుతుంది. బజారులో కొనే వాటికి పచ్చ చుక్క ఉంటే చాలనుకోకండి, పాలు, నెయ్యి ఉన్నవాటికీ అదే చుక్క వేస్తారు. 2022లో వీగన్ ఆహారానికి వేరే నిబంధనలు, వేరే గుర్తు వచ్చాయి, ఆ గుర్తు లేకపోతే వెనక వైపు పదార్థాలు చదవాల్సిందే.

ఎందుకు మానేశావని అడుగుతారు. ఒక్క వాక్యంలో చెప్పండి, ‘దూడల సంగతి తెలిశాక మనసొప్పలేదు’ అని. అక్కడితో ఆపేయండి. వాళ్ళ పెరట్లో గేదె ఉంటే అత్తగారు తప్పకుండా అంటారు, మేము దూడకు వదిలాకే పిండుతాం బాబూ అని. మీ మనసులో ఉన్నది పెద్ద డెయిరీలు, ఆవిడకు వినపడేది తన గేదె గురించి, తను రోజూ కుడితి పెట్టి, పేరు పెట్టి పిలుచుకునే గేదె గురించి. అక్కడ వాదనకు దిగితే ఆవిడను క్రూరురాలన్నట్టు అవుతుంది. ‘మీరు బాగానే చూసుకుంటారు అత్తయ్యా, నాకే ఎందుకో తాగబుద్ధి కావడం లేదు’ అనండి. మీ నమ్మకం గట్టిదైతే దాన్ని భోజనాల దగ్గర గెలిపించాల్సిన అవసరం లేదు. ఎవరైనా నిజంగా తెలుసుకోవాలని అడిగితే, సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు చెప్పండి, అప్పుడు మొహమాటపడకుండా మొత్తం చెప్పండి.

నీరసపడిపోతారని భయపడతారు, అది నిజమైన భయం, దాన్ని తీసిపారేయకండి. కాల్షియం గురించైతే ధైర్యంగా చెప్పొచ్చు, 100 గ్రాముల ఆవు పాలలో దాదాపు 120 మిల్లీగ్రాములు ఉంటే అంతే రాగుల్లో 350 వరకు ఉంటుంది, నువ్వుల్లో ఇంకా చాలా ఎక్కువ. కానీ బి12 విటమిన్ మాత్రం మొక్కల ఆహారం నుంచి సరిపడా రాదు, ఇందులో రెండో మాట లేదు. మీరు ఇప్పటిదాకా రక్తపరీక్ష చేయించుకోకపోతే ఈ వారమే చేయించుకుని డాక్టరు సలహాతో మాత్రలు మొదలుపెట్టండి. ‘పరీక్ష చేయించుకున్నాను, మాత్ర వేసుకుంటున్నాను’ అన్నారంటే మామగారికి మీరు ఆలోచించే ఈ పని చేస్తున్నారని అర్థమవుతుంది.

ప్రసాదం సంగతి మీరు అడగలేదు కానీ వస్తుంది. పండగ రోజు గుడికి తీసుకెళ్తారు, పొంగలి చేతిలో పెడతారు. కళ్ళకద్దుకుని పక్కన ఉన్న పిల్లలకో మీ భార్యకో ఇచ్చేయండి, ఎవరికీ బాధ ఉండదు. పెద్దవాళ్ళు చూస్తుండగా వద్దని చేయి వెనక్కి తీసుకోవడం మాత్రం నేను ఒప్పుకోను. అలాగే వడ్డన దగ్గర, నెయ్యి గిన్నె వస్తున్నప్పుడే విస్తరి మీద చేయి అడ్డం పెట్టండి. అలవాటు కొద్దీ ఎవరైనా పోసేస్తే ఆ ముద్ద పక్కకు జరిపి మిగతాది తినండి, అంతే తప్ప విస్తరి వదిలి లేవకండి.

కొత్త బట్టలు పెడతారు, అవి పట్టువి కావచ్చు. పట్టుగూళ్ళను పురుగుతో సహా ఉడికించి దారం తీస్తారు కాబట్టి మీకు అదీ ఇబ్బందే అయితే అదే ఫోన్లో చెప్పేయండి, ‘బండార్లంక నేత పంచె ఇప్పించండి మామయ్య గారూ, అది కట్టుకోవాలని ఉంది’ అని. ఆ ఊరు అమలాపురం పక్కనే కాబట్టి వాళ్ళకూ తేలిక.

బావమరుదుల దగ్గర కోపం తెచ్చుకోకండి, ఆటపట్టించడం ఆ వరసకు ఉన్న హక్కు. కోడిపందాలకు రమ్మంటే మాత్రం రానని చెప్పండి, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం అది నేరం, మీకైతే మనసు కూడా ఒప్పదు. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్ళమనండి. పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ణి ఉంచి రంగుబట్టలతో అలంకరించిన ఎత్తైన వెదురు చట్రాలు, అక్కడికి వస్తాయి, గంగలకుర్రు ప్రభలను కౌశిక కాలవలో నీళ్ళ మీదుగా భుజాల మీద మోసుకొస్తారు. పందెం బరి దగ్గర మీరు లేరన్న వెలితి వాళ్ళకు ఉండదు, అన్నీ వద్దంటాడన్న పేరూ మీకు రాదు.

చివరగా మీ భార్య. నాలుగు రోజులు తినేయమని ఆమె అంటే కోప్పడకండి. దసరా నుంచి అటు తల్లికీ ఇటు మీకూ మధ్య నలిగింది ఆమె, ‘మీ ఆయనకు ఏమైందే’ అని ఎన్ని ఫోన్లు వచ్చి ఉంటాయో ఆలోచించండి. అయినా ఆమె సలహా మాత్రం తీసుకోవద్దనే నేను చెబుతాను. ఈసారి తింటే ఉగాదికి వద్దన్నప్పుడు ‘సంక్రాంతికి తిన్నారుగా’ అంటారు, అప్పుడు అది మళ్ళీ అలకలాగే కనిపిస్తుంది. దీన్ని ఆమెకు నెమ్మదిగా వివరించి, పుట్టింట్లో మీ తిండి గురించి మాట్లాడే పని ఇకమీదట ఆమెది కాదని, మీరే మాట్లాడతారని చెప్పండి. ఇంకో మాట, మీ ఇంట్లో ఇప్పుడు రెండు రకాల వంట ఎవరు చేస్తున్నారు? మీరు మానేశారని ఆమె కూడా పెరుగు తోడు పెట్టుకోవడం మానేసిందా? ఉత్తరంలో దాని గురించి ఒక్క ముక్క రాయలేదు మీరు. మీకోసం అదనంగా వండేది ఆమే అయితే ఆ పని మీరు అందుకోండి, ఆమెకు నచ్చింది ఆమె తినాలి.

కోనసీమలో పండక్కి వారం పది రోజుల ముందే పిండివంటలు మొదలవుతాయి. ఈ ఆదివారం పొద్దున మామగారు కాఫీ తాగి తీరిగ్గా ఉండే వేళకు ఫోన్ చేయండి, ఆయనతో అయ్యాక ఫోన్ అత్తగారికి ఇవ్వమనండి.