లాసాలో బర్ఖోర్ వీధి ఇప్పుడు ఒట్టి బజారేనా?

"కైలాస యాత్ర దారిలో టిబెట్ రాజధాని లాసాలో ఒక రోజు దొరుకుతోంది. బర్ఖోర్ అంతా షాపులే అయిపోయిందట, వెళ్లడం దండగా?" అని అడిగారు. నేను చూసొచ్చాను. దండగ కాదు.

మన మాడవీధుల్లాంటిదే అది. మధ్యలో జోఖాంగ్ అనే బౌద్ధ గుడి, ఏడో శతాబ్దంలో సోంగ్‌త్సెన్ గాంపో రాజు కట్టించింది. దాని చుట్టూ సుమారు కిలోమీటరు ప్రదక్షిణ దారే బర్ఖోర్. యాత్రికులు వచ్చే చోటికి సరుకూ వస్తుంది కదా. నేపాల్ నేవారీ వర్తకులు తరాల తరబడి అక్కడ కొట్లు నడిపారు, కాబట్టి బజారు నిన్న మొన్న వచ్చి పడిందేం కాదు. వీధిలో పరిచే దుకాణాలను మాత్రం 2013 ప్రాంతంలో వేరే భవనంలోకి మార్చేశారు. ఇప్పుడున్నవి ఇరుపక్కలా షాపులు.

మొదటి సాయంత్రం ఒక షాపులో పగడాల దండ చూశాను. బేరం కుదరక బయటికొచ్చేశా. నాలుగడుగులు వేశాక మనసు పీకింది, వెనక్కి తిరిగా. ఎదురుగా జనం! ఒక ముసలమ్మ కుడిచేత్తో ప్రార్థన చక్రం తిప్పుతూనే, రెండో చేత్తో నా భుజం పట్టుకుని మెల్లగా జనం నడిచే వైపుకే తిప్పేసింది. కోప్పడలేదు, నవ్వింది. గుడి ఎప్పుడూ మన కుడివైపే ఉండాలి. అంటే దాటిపోయిన షాపుకి మళ్లీ వెళ్లాలంటే ఇంకో చుట్టు తిరగాల్సిందే. 3,650 మీటర్ల ఎత్తు, అప్పటికే నాకు ఆయాసం.

ఆ రెండో చుట్టులోనే అసలు బర్ఖోర్ చూశాను. సాష్టాంగ ప్రదక్షిణ చేసేవాళ్లు అరచేతులకు చెక్కలు కట్టుకుంటారు, ముందు తోలు కప్పుకుంటారు. పడుకుని చేతులు చాచినప్పుడు ఆ చెక్కలు రాళ్ల మీద సర్రున జారతాయి. లేచి, చేతులు అందినంత మేర నడిచి, మళ్లీ పడుకుంటారు. ఒకాయన నుదుటి మీద దుమ్ము బొట్టులా అంటుకుని ఉంది. పక్కనే తెల్లటి పొయ్యిల్లో జునిపర్ కొమ్మల పొగ.

దండ కొన్నాను లెండి. ఊళ్లో మా కంసాలి సూది కాల్చి ఆనిస్తే ప్లాస్టిక్ వాసన!

విదేశీయులకు పర్మిట్, గైడు తప్పనిసరి. వీధిలోకి వెళ్లేముందు బ్యాగులు స్కాన్ చేస్తారు. షట్టర్లు లేవకముందే, పొద్దున్నే వెళ్లండి. కొనాలనుకుంటే మాత్రం ఆ షాపు దాటకముందే బేరం తేల్చుకోండి.