కోరపళ్లు, పాకం నెత్తురు, శాంటా క్రూజ్ తీరం: ‘ది లాస్ట్ బాయ్స్’ వేడుకపై పాఠకుల ప్రశ్నలు

1987 నాటి అమెరికన్ వాంపైర్ (రక్తం తాగే పిశాచి) సినిమా ‘ది లాస్ట్ బాయ్స్’కి 2027తో నలభై ఏళ్లు. దాన్ని ఎలా జరుపుకోవాలని అడిగిన పాఠకులకి మా జవాబులివి.

ప్ర: వేడుకకి సరైన తేదీ ఏది? ఇన్నేళ్లయినా అభిమానులు ఈ సినిమాని ఎందుకు వదలడం లేదు? (కాకినాడ)

జ: సినిమా అమెరికాలో విడుదలైంది 1987 జూలై 31న. 2027లో ఆ తేదీ శనివారం పడింది కాబట్టి సెలవు కోసం తంటాలు పడక్కర్లేదు.

అంతకుముందు తెర మీద వాంపైర్ అంటే ఎక్కువగా పాత కోటలో ఉండే నల్ల అంగీ ప్రభువే. ఈ సినిమాలో వాళ్లు మోటార్‌సైకిళ్ల మీద తిరిగే కుర్రాళ్లు. రాత్రిళ్లు ఎగ్జిబిషన్ దీపాల మధ్య తచ్చాడతారు. మొదట రాసుకున్న కథలో పిల్లలు ఇంకా చిన్నవాళ్లు. అప్పుడు రిచర్డ్ డానర్ దర్శకత్వం వహించాల్సింది. తర్వాత ఆయన ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌గా ఉండిపోయి, జోయెల్ షూమాకర్ చేతికి సినిమా వచ్చింది. వయసు పెంచింది ఈయనే. ఆ ఒక్క మార్పే సినిమాని నిలబెట్టిందని మా అభిప్రాయం. షూమాకర్ 2020లో, కథానాయకుడు మైకేల్‌కి తమ్ముడు శామ్‌గా నటించిన కోరీ హైమ్ 2010లో కన్నుమూశారు. సినిమా మొదలుపెట్టే ముందు ఆ ఇద్దరి పేర్లూ తలుచుకోండి.

ప్ర: శాన్ హోసేలో ఉంటున్నాం. సినిమా తీసిన చోట్లు చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి? (కాలిఫోర్నియా నుంచి తెలుగు దంపతులు)

జ: మీరు దగ్గర్లోనే ఉన్నారు. సినిమాలో ‘శాంటా కార్లా’ అని పిలిచిన ఊరు శాంటా క్రూజే. హైవే 17 మీద దాదాపు 50 కిలోమీటర్లు. కొండల్లో మలుపులు ఎక్కువ, వేసవి వారాంతాల్లో పొద్దున పది దాటితే బండ్లు బారులు తీరతాయి. డ్రైవింగ్ వద్దనుకుంటే డిరిడాన్ స్టేషన్ నుంచి హైవే 17 ఎక్స్‌ప్రెస్ బస్సు ఉంది.

బీచ్ బోర్డ్‌వాక్ అనే తీరపు వినోద పార్కు లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు, రైడ్లకే డబ్బు. జెయింట్ డిప్పర్ అనే చెక్క రోలర్ కోస్టర్ 1924 నాటిది. గుర్రాల రంగులరాట్నం 1911 నాటిది, వాంపైర్ కుర్రాళ్ల నాయకుడు డేవిడ్, అతని ముఠా మొదట కనిపించేది దాని మీదే. తిరుగుతూ రింగు లాగి విదూషకుడి బొమ్మ నోట్లోకి విసిరే ఆట ఇప్పటికీ ఉంది, వదులుకోవద్దు.

చాలామంది పొరబడేది రైలు వంతెన దగ్గర. పొగమంచులో కుర్రాళ్లు కిందికి వేలాడే వంతెన, బోర్డ్‌వాక్ పక్కన శాన్ లొరెంజో నది మీదున్నదే అనుకుంటారు. ఆ సన్నివేశం తీసింది లాస్ ఏంజెలెస్ వైపు, శాంటా క్లారిటా దగ్గర. వాళ్లుండే గుహ స్టూడియోలో వేసిన సెట్టు. కాబట్టి గుహ కోసం కొండచరియలు దిగకండి, ప్రమాదం. జూలై అయినా చీకటి పడగానే సముద్రపు మంచు కమ్ముతుంది, స్వెటర్లు తీసుకెళ్లండి.

ప్ర: అంగట్లో దొరికే ప్లాస్టిక్ కోరలు పెట్టుకుంటే మాట రావడం లేదు, చొంగ కారుతోంది. ఇంట్లో చేసుకోవచ్చా? (హైదరాబాద్)

జ: చేసుకోవచ్చు. ఆ కోరలు పై పళ్లన్నిటినీ కప్పేస్తాయి, బాధంతా అందుకే. మీకు కావలసింది రెండు కోరపళ్లకే తొడుగు. 60 డిగ్రీల దగ్గర మెత్తబడే థర్మోప్లాస్టిక్ గుళికలు ఆన్‌లైన్‌లో అమ్ముతారు. నోట్లో పెట్టుకునే వస్తువు కాబట్టి విషరహితం అని రాసి ఉన్నవే కొనండి.

నీళ్లు 65–70 డిగ్రీలు చాలు. మరిగే నీళ్లయితే గుళికలు గిన్నెకి అంటుకుపోతాయి. ఒక్కో కోరకి ఆరేడు గుళికలు వేసి, తెల్లదనం పోయి గాజులా అయ్యాక చెంచాతో తీయండి. ముద్దలో ఇరుక్కున్న వేడి నీళ్లు పిండేయండి, చిగురు కాలేది వాటితోనే. ముంజేతి మీద ఆనించి చూసుకుని, వేడి ఓర్చుకోగలిగాకే నోటి దగ్గరికి తేవాలి. చిన్న గోపురంలా చేసి, పంటి ముందూ వెనకా కొద్దిగా మడిచి నొక్కండి. తెల్లబడడం మొదలవగానే, పూర్తిగా గట్టిపడకముందే ఒకసారి లాగి మళ్లీ పెట్టండి. గట్టిపడేదాకా ఉంచేస్తే పళ్ల సందుల్లో బిగుసుకుని రాదు. చివరికి చన్నీళ్లలో వేయండి.

పెదవి మూయలేకపోతున్నారంటే మందం ఎక్కువైనట్టే. మళ్లీ కరిగించి ఒకటి రెండు గుళికలు తగ్గించండి. కోరలు పెట్టుకుని వేడి టీ తాగితే అవి మెత్తబడతాయి. జిగురుతో అంటించడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. క్లిప్పులు, క్యాపులు, కదిలే పళ్లు ఉన్నవాళ్లు ఈ పని చేయకూడదు. రంగు కాంటాక్ట్ లెన్సులు కూడా కళ్ల డాక్టరు కొలతలు తీసి రాసిస్తేనే వాడండి. ఒకరివి ఇంకొకరు పెట్టుకుంటే కంటికే ముప్పు.

ప్ర: నకిలీ రక్తం రోజ్‌మిల్క్ రంగులో వస్తోంది. తప్పెక్కడ? (గుంటూరు)

జ: ఎరుపు రంగు ఒక్కటే కలిపితే వెలుగు దానిగుండా పోయి గులాబీలా కనిపిస్తుంది. చిక్కదనం ఇచ్చేది కోకో. 2 గ్లాసుల పంచదార, 1 గ్లాసు నీళ్లు, అర చెంచా నిమ్మరసం పెట్టి జిగురు పాకం దాకా కాచండి. తీగ రాకముందే దింపాలి, తీగపాకమైతే చల్లారేసరికి బిగుసుకుంటుంది. నిమ్మరసం వేసేది పాకం పలుకులు కట్టకుండా. చల్లారాక, 2 చెంచాల కోకోని గోరువెచ్చని నీళ్లతో ముద్ద చేసి కలపండి. తర్వాత 1 చెంచా ఎరుపు జెల్ రంగు, ఒకే ఒక్క బొట్టు నీలం. రెండో బొట్టు పడితే నేరేడు రసమే.

వేడుకలో వెలిగించే దీపం కిందే రంగు సరిచూసుకోండి, నీలం లైటులో ఎరుపు నల్లగా కనిపిస్తుంది. పూసుకునే చోట ముందుగా కొబ్బరినూనె రాస్తే మరక పట్టదు. తెల్ల బట్ట మీద పడిందంటే మాత్రం ఆశ వదులుకోవాల్సిందే. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఉంటుంది. వేడుకయ్యాక నేల వేడినీళ్లతో తుడవకపోతే తెల్లారేసరికి చీమలే.

డేవిడ్ ముఠా మైకేల్ చేత రక్తం తాగించే సీసా సన్నివేశం చేయాలనుంటే ఈ పాకం వద్దు. సీసాకి రంగురాళ్లు అంటించి సుగంధి షర్బత్ పోయండి. మసక వెలుతురులో ఆ ముదురు రంగు చాలా బాగుంటుంది.

ప్ర: అపార్ట్‌మెంట్ మేడ మీద ప్రొజెక్టర్‌తో వేయాలనుకుంటున్నాం. జాగ్రత్తలు? (విశాఖపట్నం)

జ: మొదటిది అనుమతి. ఇంట్లో మీ వాళ్లతో చూడడం వేరు. టికెట్ పెట్టినా, అందర్నీ పిలిచినా అది బహిరంగ ప్రదర్శన. డిస్కు కొన్నంత మాత్రాన, ఓటీటీ చందా కట్టినంత మాత్రాన ఆ హక్కు రాదు. హక్కుదారైన వార్నర్ బ్రదర్స్ తరఫున లైసెన్సు ఇచ్చేవారిని అడగాలి.

రెండోది వాన. జూలై చివర మేడను నమ్ముకోవద్దు, హాలు సిద్ధంగా ఉంచుకోండి. సినిమా చాలాభాగం రాత్రే నడుస్తుంది కాబట్టి పూర్తిగా చీకటి పడ్డాకే మొదలుపెట్టండి. నిడివి 97 నిమిషాలే. బొమ్మ వెడల్పాటిది, వెడల్పు ఎత్తుకి 2.39 రెట్లు (2.39:1). పది అడుగుల వెడల్పు తెర మీద ఎత్తు నాలుగు అడుగులకి కాస్త ఎక్కువ వస్తుంది. మామూలు 16:9 తెరయితే పైనా కిందా దాదాపు ఎనిమిదిన్నర అంగుళాల పట్టీలు మిగిలి, నల్లగా ఉండాల్సింది బూడిదరంగులో మెరుస్తుంటాయి. వాటి మీద నల్ల గుడ్డ బిగించండి. వెయ్యి రూపాయల్లోపు ఖర్చుతో చీకటి సన్నివేశాలు ఎంతో తేటపడతాయి.

అమెరికాలో దీనికిచ్చింది ఆర్ రేటింగ్, అంటే 17 ఏళ్లలోపు వాళ్లు పెద్దవాళ్లతో కలిసే చూడాలి. చిన్నపిల్లల్ని కూర్చోబెట్టకండి.

ప్ర: నూడుల్స్ సన్నివేశాన్ని భోజనంలో ఎలా తేవాలి? (వరంగల్)

జ: సినిమాలో మైకేల్‌కి అన్నం పురుగుల్లా, నూడుల్స్ వానపాముల్లా కనిపిస్తాయి. తెల్ల కాగితపు డబ్బాలు రెండు తీసుకుని, ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో నూడుల్స్ పెట్టండి. నూడుల్స్ ఒక పలుకు మిగిలేలా ఉడికించి, చన్నీళ్లు పోసి, చెంచాడు నూనె కలిపితే విడివిడిగా జారతాయి. కూరగాయలు వేయకండి. ముక్కలు కనిపిస్తే భ్రమ పోతుంది. సోయా సాస్ ఒక చెంచాకి మించితే నల్లబడతాయి. తెర మీద డేవిడ్ డబ్బా అందించే క్షణానికి సరిగ్గా వడ్డించండి. అప్పటిదాకా మూత తీయనివ్వకండి.