అట్టకు (కవరుకు) బూజు పడితే ఎల్పీ గ్రామఫోన్ రికార్డు గ్రేడు తగ్గుతుందా?

తగ్గదు; సేకర్తలకు అమ్మేటప్పుడు రికార్డుకు, అట్టకు వేర్వేరుగా గ్రేడు, అంటే స్థితి ఎంత బాగుందో తెలిపే గుర్తు, ఇస్తారు. విశాఖపట్నం వంటి సముద్రతీర నగరంలో అట్ట గాలిలోని తేమను పీల్చుకొని మరకలు పడుతుంది గాని, ఎల్పీ తయారయ్యే వినైల్ తేమ పీల్చని ప్లాస్టిక్ కనుక, సూది నడిచే గాడిలోని దుమ్మును, వేలిముద్రల జిడ్డును ఆశ్రయించి పెరిగిన బూజును చాలావరకు కడిగివేయవచ్చు. ఉదాహరణకు, గీతలు లేకుండా శుభ్రంగా పలికే ఎల్పీ మరకల అట్టలో ఉంటే ‘నియర్ మింట్/వీజీ’ (దాదాపు కొత్తది/వెరీ గుడ్) అని రాస్తారు, సాధారణంగా మొదటిది రికార్డుది, రెండవది అట్టది. ధర తగ్గడం వేరే సంగతి, అది న్యాయమే. కడిగి మెరిపిస్తే ఏ రికార్డైనా నియర్ మింట్ అవుతుందనుకోవడం అపోహ, ఎందుకంటే అరిగిన సూదితో పదేపదే వాయించిన గాడి పైకి మెరుస్తున్నా బరబరమంటుంది.