విదేశాల్లో ఉంటున్న తెలుగువాళ్ళు అక్కడి జట్లని నిజంగా అభిమానిస్తారా, లేక ఆఫీసులో ముచ్చట కోసమేనా?

ఆఫీసుల ముచ్చట కోసమే అయితే గెలిచే టీమ్‌ని పట్టుకునేటోడ్ని కదా. నేను పట్టుకున్నది వేల్స్ రగ్బీ టీమ్‌ని. 2023 అక్టోబర్‌ల, వరల్డ్ కప్‌ల జార్జియా మీద గెలిచినంక మళ్ళ ఒక టెస్టు (రగ్బీల దేశాల నడుమ మ్యాచ్‌ని అట్లంటరు) గెలిచింది 2025 జూలై 12న, జపాన్ దాక పోయి కోబెల, 31-22తోటి. నడుమ వరసపెట్టి 18 టెస్టులు ఓడిపోయినం. చూసిన్రా, "ఓడిపోయినం" అంటున్న. పుట్టింది గోదావరిఖనిల, ఇంట్ల తినేది పచ్చిపులుసు, అయినా "ఓడిపోయిన్రు" అని నోట్లెకెళ్ళి రాదు. మీ ప్రశ్నకి జవాబు అయిపోయింది, ఇగ మిగిలిందంత నా సొద, టైమున్నోళ్ళే చదువుండ్రి.

ముందుగాల ఒక లొల్లి తీర్చుకోవాలె. ఊరికెళ్ళి ఎవరు ఫోన్ చేసినా "లండన్‌ల ఎట్లుంది బిడ్డా" అంటరు. కార్డిఫ్ అని ఏండ్ల సంది చెప్తున్న. వేల్స్ వేరే దేశం, భాష వేరు, జెండా మీద ఎర్ర డ్రాగన్ ఉంటది, రోడ్డు మీద 'స్లో' అని రాసిన కాడ పక్కకే వేల్ష్‌ల కూడ రాసుంటది, దాన్ని 'అరవ్' అని చదవాలంట. "అరవమంటున్నరా మెల్లగ పొమ్మంటున్నరా" అని మా ఇంటి ఓనర్‌ని అడిగితే ఆయనకు అర్థం కాలే, పాపం. ఇగ రెడింగ్‌ల ఉండే మా బామ్మర్ది అయితే ఇంకా ఘోరం. నా బిడ్డ ఐదో పుట్టినరోజుకి ఇంగ్లండ్ రగ్బీ జెర్సీ పట్టుకొచ్చిండు. తెల్లది, గుండె మీద ఎర్ర గులాబి. మా ఆవిడ "పువ్వు ఎంత ముద్దుగున్నదో" అని మురుస్తుంటే నేను బయటికి పోయి బిన్‌లు సదురుకుంట నిలబడ్డ. ఆ జెర్సీ ఇప్పటికీ అల్మారాల ఉంది, ట్యాగ్ కూడ తియ్యలే.

ఎట్ల మొదలైందో చెప్త. 2010ల ఎంఎస్సీకి వచ్చిన, కార్డిఫ్ పైన ట్రెఫారెస్ట్ అనే చిన్న ఊరికి. లోయల నడుమ ఊర్లు, వ్యాలీస్ అంటరు, ఒకప్పుడు అంత బొగ్గే. రూమ్ చూడనీకి పోయిన రోజు ఓనర్ పెద్దాయన తాళంచెవి నా చేతుల పెడుతుంటే ఆయన వేళ్ళ మీద నీలం గీతలు కనవడ్డయి, పచ్చబొట్టు లెక్క. నాకు గుండె జల్లుమన్నది. బాయిల దెబ్బ తాకి తెగినప్పుడు బొగ్గు దుమ్ము లోపలనే ఉండిపోయి పైనకెళ్ళి చర్మం మూసుకుంటే అట్లయితది, మా బాపుకి ఎడమ కనుబొమ్మ మీద అచ్చం అదే గీత ఉంటది, ముప్పై ఏండ్లు సింగరేణిల చేసిండు, కోల్‌ఫిల్లర్‌గ మొదలై. నేను ఇంగ్లిష్ కూడగట్టుకోని "మై ఫాదర్ ఆల్సో" అని నా కనుబొమ్మ చూపెట్టిన. పెద్దాయన కొద్దిసేపు నా మొఖం చూసి, కెటిల్ పెట్టిండు. అడ్వాన్స్ అడగలే. ఆ రోజు సంది నన్ను 'బట్' అని పిలుస్తడు, వ్యాలీస్‌ల దోస్తుని అట్లనే అంటరు, మన దిక్కు బావా, మామా అన్నట్టు.

వాళ్ళ బాయిలు 1984-85ల ఏడాది పాటు సమ్మె చేసి ఓడిపోయినంక ఒక్కొక్కటి మూతపడ్డయి. ఆయనకు మిగిలినవి దగ్గు, సగం చెవుడు, రగ్బీ. చెవుడు లోపల మిషన్ల మోతకి వచ్చింది, రెండు చెవులకి హియరింగ్ ఎయిడ్లు పెట్టుకుంటడు. ఇవి యాదికి పెట్టుకోండ్రి, మళ్ళ వస్తయి.

ఆట గురించి నేను పాఠం చెప్ప. కబడ్డీ ఆడినోడికి పది నిమిషాల్ల అర్థమైతది, పట్టుకున్నోళ్ళందర్ని ఈడ్చుకుంట గీత దాటాలె, బాల్ మాత్రం చేత్తోటి ముందుకు విసరొద్దు, అంతే. నా లెక్కయితే ఈ ఆట బొగ్గు తవ్విన ఊరోళ్ళకే నిజంగ అర్థమైతది, ఎందుకంటే ఒకడి మీద కొండ కూలితే మిగతా పద్నాలుగు మంది గుంజాలె. మరి న్యూజీలాండోళ్ళు గొర్లు కాసుకుంటనే మనల్ని 1953 సంది ఒక్కసారి కూడ గెలవనియ్యలేదు కదా అని అడుగుతరేమో, అడగకుండ్రి.

ఇంకో ముచ్చట, చాలామందికి తెల్వదు. ఇంగ్లండ్, స్కాట్లండ్ ఏటేటా కొట్లాడుకునే కప్పు పేరు కలకత్తా కప్పు. కలకత్తాల రగ్బీ ఆడే క్లబ్బు మూతపడుతుంటే బ్యాంకుల ఉన్న వెండి రూపాయలు కరిగించి చేసిన్రు, 1878ల. పిడులు మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు. మన రూపాయలు, మన ఏనుగు, వాళ్ళు ఆడుకుంటున్నరు. వేల్స్‌కి అందుల భాగం లేదు, నాకు అది కూడ మంటనే.

సరే, 2011 వరల్డ్ కప్. న్యూజీలాండ్‌ల. మొదటి మ్యాచ్ సౌతాఫ్రికా మీద 17-16తోటి పోయింది, ఒక్క పాయింట్. తర్వాత ఫిజీని 66-0 కొట్టినం, క్వార్టర్స్‌ల ఐర్లండ్‌ని 22-10. సెమీస్ ఫ్రాన్స్ మీద, అక్టోబర్ 15, శనివారం, ఆక్లండ్‌ల రాత్రి అంటే మాకు పొద్దుగాల తొమ్మిది గంటలు. కార్డిఫ్ స్టేడియం తలుపులు తెరిచి పెద్ద స్క్రీన్ల మీద చూపెడుతున్నరంటే పెద్దాయన నన్ను కూడ రమ్మన్నడు. నేను శుక్రవారం రాత్రంత పెట్రోల్ బంక్‌ల డ్యూటీ చేసి ఆరింటికి దిగిన, ఆయన బంక్ ముంగట నిలబడి ఉండు, ఎర్ర జెర్సీ మీద కోటు, చేతుల ఫ్లాస్కు, సంచిల వాళ్ళావిడ చేసిన వెల్ష్ కేకులు, పెనం మీద కాల్చేవి, కిస్‌మిస్ ఏసి. రైలు ఎక్కితే నిలబడ జాగ లేదు, పొద్దుగాల ఏడింటికి పసుపుపచ్చ డాఫొడిల్ పువ్వు టోపీలు పెట్టుకున్న ముసలోళ్ళు, గొంతులు సవరించుకుంటున్నరు.

లోపలికి పోతే అరవై వేల మంది. ఆటగాడు ఒక్కడు లేడు, గడ్డి ఖాళీగ ఉంది, అరవై వేల మంది టీవీ చూడనీకి వచ్చిన్రు. జాతీయ గీతం మొదలైతే అందరు లేచి స్క్రీన్ మొఖాన పాడిన్రు. నేను కూడ పాడిన, ముందు రోజు పెద్దాయన పలుకుతుంటే తెలుగు అక్షరాల్ల రాసుకోని జేబుల పెట్టుకున్న. అన్నీ రాయొచ్చు గని రెండు 'ఎల్'లు పక్కపక్కన వస్తే ఆ సప్పుడుకి మన దాంట్ల అక్షరం లేదు, నాలుక 'ల' కాడ పెట్టి పక్కలకెళ్ళి గాలి ఊదాలె, పిల్లి కోపం చేసినట్టు. అక్కడ ఒక చుక్క పెట్టుకున్న. ఆ కాయితం ఇప్పటికీ ఉంది.

పద్దెనిమిది నిమిషాలు. అంతే అయింది ఆట. మా కెప్టెన్ శామ్ వార్బర్టన్, అప్పుడే 23 నిండినయి, ఫ్రాన్స్ వింగర్ విన్సెంట్ క్లెర్‌ని పట్టుకోని లేపిండు, వాడు గాల్ల తిరిగి తల కిందికయి పడ్డడు. పసుపు కార్డు ఇస్తరేమో, పది నిమిషాలు కూసుంటడు అనుకున్నం. ఎర్రది చూపెట్టిన్రు. రూల్ ప్రకారం కరెక్టే అంటరు, తల మీద పడేటట్టు ఎత్తేస్తే ఎర్ర కార్డే అని ముందే చెప్పి పెట్టిన్రంట, తర్వాత మూడు వారాలు బ్యాన్ కూడ ఏసిన్రు. ఉండనీయుండ్రి. వరల్డ్ కప్ సెమీస్‌ల గంటకు పైన పద్నాలుగు మందితోటి ఆడించుడు న్యాయం అని నాతోటి అనిపియ్యలేరు, ఈ విషయంల నేను ఎవ్వరి మాట వినను, వీడియోలు పంపకుండ్రి, అన్ని చూసిన.

అరవై వేల మంది సప్పుడు ఒక్కసారి ఆగిపోయుడు మీరు ఎప్పుడన్న విన్నరా. మా బాయికాడ యాక్సిడెంట్ సైరన్ మోగినప్పుడు కాలనీల అట్లనే అయ్యేది, వంటింట్ల గిన్నెల సప్పుడు కూడ ఆగేది. పెద్దాయన ఏమనలే. రెండు చెవులకెళ్ళి మిషన్లు తీసిండు, రుమాల్ల చుట్టిండు, కోటు జేబుల పెట్టుకున్నడు. ఇగ నేను వినను, చూస్త అంతే, అన్నట్టు.

అక్కడ్నించి ఆయన సప్పుడు లేని సినిమా చూస్తున్నడు, నేనేమో పక్కకెళ్ళి చేతుల్తోటి చెప్తున్న. ఫ్రాన్సోళ్ళు ఆడిందేం లేదు, మోర్గన్ పారా మూడు పెనాల్టీలు కొట్టిండు, పోస్టుల నడుమకెళ్ళి తన్నుడు, ఒక్కోదానికి మూడు పాయింట్లు, 9-3. పదిహేను మంది ఉండి ఒక్క ట్రై (బాల్‌ని గీత దాటిచ్చి నేలకు ఆనిచ్చుడు, అయిదు పాయింట్లు) కొట్టలే, సిగ్గుండాలె. సెకండాఫ్‌ల మైక్ ఫిలిప్స్ సందు చూసి ఉరికి మూలకాడ ట్రై ఏసిండు, 9-8. తర్వాత కన్వర్షన్, అంటే ట్రై మీద దొరికే ఇంకో కిక్, రెండు పాయింట్లు వస్తే మనమే ముంగట, స్టీఫెన్ జోన్స్ కొడితే పోస్టుకి తాకింది.

ఇంకో ఐదు నిమిషాలుందనంగ సెంటర్ లైన్ కాడ పెనాల్టీ దొరికింది. లీ హాఫ్‌పెన్నీ వచ్చిండు, చిన్నగ ఉంటడు మనిషి. కొట్టిండు. కెమెరా ఎనకకెళ్ళి ఉంది, బాల్ నిట్టనిలువుగ రెండు పోస్టుల నడుమకే పోతున్నది, స్టేడియం మొత్తం లేచింది, పెద్దాయన కూడ లేచిండు, నన్ను గట్టిగ పట్టుకున్నడు, ఎముకలు ఇరిగినట్టు. బాల్ చివర్ల కిందికి ఒంగింది, అడ్డ కర్రకి కొంచెమంటే కొంచెం కిందికెళ్ళి పోయింది. చుట్టుపక్కల అందరు అబ్బా అని కూలబడ్డరు. ఆయనకు వినవడదు కదా, మొఖం నా భుజం మీద ఉంది, స్క్రీన్ చూస్తలేడు. నవ్వుతున్నడు. ఒక మూడు నాలుగు సెకండ్లు, ఆ స్టేడియంల గెలిచినోడు ఆయన ఒక్కడే. నాకు చెప్పబుద్ధి కాలే. రాత్రంత నిద్ర లేదు, కళ్ళు మండుతున్నయి, ఈయన నన్ను పట్టుకోని ఊగుతున్నడు, నేను మెల్లగ ఆయన వీపు మీద తట్టి, ముంగటికి తెచ్చి, తల అడ్డంగ ఊపిన. ఆయన స్క్రీన్ దిక్కు తిరిగి చూసి, మళ్ళ నా దిక్కు చూసి, "షూర్?" అన్నడు.

అట్లనే అయిపోయింది, 9-8. ఆఖర్ల బాల్ మా చేతులనే ఉంది, ఇరవైకి పైగ సార్లు గుద్దుకుంట పోయిన్రు, దారి దొరకలే.

ఇంకో కష్టం చెప్త. రాత్రి ఓడిపోతే పండుకోవచ్చు. పొద్దుగాల పదకొండు కొట్టకముందే ఓడిపోతే ఆ దినమంత ఏం జెయ్యాలె? ఎండ కొడుతున్నది, దుకాణాలు తెరిచి ఉన్నయి, జనం ఎటు పోవాల్నో తెల్వక రోడ్ల మీద నిలబడ్డరు. మేము టేషన్ బయట గోడ మీద కూసోని వెల్ష్ కేకులు తిన్నం. రెండోది సగంల ఉండంగ ఆయన, మీ బాపు ఏ షిఫ్టు చేసేది అని అడిగిండు. రుమాలు ఇంకా ఇప్పలే కాబట్టి నేను మూడు వేళ్ళు చూపెట్టిన, రాత్రిది అని. నాది కూడ అన్నట్టు ఆయన మూడు వేళ్ళు లేపిండు.

తర్వాత మంచి రోజులు రాలేదా అంటే వచ్చినయి. 2015ల ట్వికెన్‌హామ్‌ల ఇంగ్లండ్‌ని వాళ్ళింట్లనే 28-25 కొట్టినం, ఆ రాత్రి బామ్మర్దికి పదిహేడు మెసేజ్‌లు పెట్టిన, ఒక్కదానికి రిప్లై లేదు. 2019ల సిక్స్ నేషన్స్‌ల, అంటే యూరప్‌ల ఆరు దేశాలు ఏటేటా ఆడే టోర్నీల, అయిదుకి అయిదు గెలిచి గ్రాండ్ స్లామ్ కొట్టినం. అదే ఏడు వరల్డ్ కప్ సెమీస్‌ల మళ్ళ పోయింది, సౌతాఫ్రికా 19-16, మళ్ళ పొద్దుగాలనే. 2025 మార్చిల అయితే ఇంగ్లండ్ మా కార్డిఫ్‌కి వచ్చి 68-14 కొట్టి పోయింది. ఆ రోజు బామ్మర్ది పదిహేడు మెసేజ్‌లు లెక్కపెట్టి మరీ పంపిండు. పదేండ్లు దాచిపెట్టుకున్నడన్నట్టు.

మన దోస్తులు "ఐపీఎల్ చూస్తలేవా" అంటరు. చూస్త, ఎందుకు చూడ. కాని వేలంల ఈ ఏడు ఈ టీమ్‌ల ఉన్నోడు వచ్చే ఏడు ఆ టీమ్‌ల ఉంటడు, ఇగ ఎవని కోసం ఏడవాలె?

2027 వరల్డ్ కప్ ఆస్ట్రేలియాల. డ్రా తీసిన్రు, మా గ్రూప్‌ల ఇంగ్లండ్, టోంగా, జింబాబ్వే. ఇంగ్లండ్ అని చూడంగనే మా ఆవిడ "ఈసారి మా తమ్ముని ఇంటికి పోదాం, అందరం కలిసి చూద్దాం" అంటున్నది. నడువదు. నేను ట్రెఫారెస్ట్‌ల చూస్త. పెద్దాయనకు ఇప్పుడు ఎనభై దగ్గర, ఆస్పత్రోళ్ళు కొత్త మిషన్లు ఇచ్చిన్రు, ఫోన్‌లనే సౌండ్ పెంచుకునుడు తగ్గించుకునుడు అంట, నా బిడ్డనే సెట్ చేసి ఇచ్చింది, బడిల నేర్చుకున్న వేల్ష్‌ల ఆయనకు ఎట్ల వాడాల్నో చెప్పింది కూడ. అన్నీ విని తల ఊపిండు. మొన్న మ్యాచ్ పెట్టంగనే చూస్తే, రెండు మిషన్లు రుమాల్ల చుట్టి టీవీ పక్కకు పెట్టి ఉన్నయి, ఇంకా ఆట మొదలే కాలే.