సోంపు పళ్ళెంలో చిల్లర, అమెరికా బిల్లులో టిప్

(పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తున్నవారు భీమవరంలో ఒక బ్యాంకు విదేశీ మారకం కౌంటర్లో పనిచేసి రిటైరయ్యారు.)

ప్రశ్న: అమ్మాయి పురిటికి న్యూజెర్సీ వెళ్తున్నాం. ఇంతకుముందు వెళ్ళొచ్చిన మా వదిన, అక్కడ తిన్నదానికన్నా టిప్ కట్టడానికే ప్రాణం ఉసూరుమంటుంది అంటోంది. ఇవ్వకపోతే ఏమవుతుంది? ఎంతివ్వాలి? మావారి డెబిట్ కార్డు అక్కడ పనిచేస్తుందా? పిన్ కూడా అడగరట, నిజమేనా? తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: అమ్మా, ముందుగా అమ్మాయికి సుఖప్రసవం కావాలి. టిప్ సంగతికొస్తే, మీది కొబ్బరి ఊరు కాబట్టి ఆ లెక్కలోనే చెప్తాను. దింపు తీసినవాడికి కూలి ఇచ్చాక వెళ్ళేటప్పుడు రెండు కాయలు చేతిలో పెడతాం. అది మన సంతోషం. పెట్టకపోయినా అతని కూలి అతనికి ముట్టింది. అమెరికా హోటళ్ళలో ఆ రెండు కాయలే కూలి. అక్కడి కేంద్ర చట్టం ప్రకారం టిప్పులొచ్చే ఉద్యోగికి యజమాని గంటకు 2.13 డాలర్లిస్తే చాలు. 1991 నుంచి ఆ అంకె కదల్లేదు. మామూలు కనీస వేతనం 7.25 డాలర్లు. టిప్పులు కలిపినా అంత రాకపోతే మిగతాది యజమాని పూరించాలి. న్యూజెర్సీలో ఇంకాస్త ఎక్కువే ఇస్తారు. కాలిఫోర్నియా లాంటి చోట్ల పూర్తి కనీస వేతనం ఇచ్చి తీరాలి, అయినా టిప్ అలవాటు అక్కడా పోలేదు. అందుకే నేను మెనూలో 20 డాలర్లని చూస్తే మనసులో 24 అనుకుంటాను. అలా అనుకున్నాక ఏడుపు రాదు.

కూర్చుని తిని, ఒకరు వడ్డించిన చోట పన్ను కలపకముందు మొత్తం మీద 15 నుంచి 20 శాతం. కౌంటర్ దగ్గర నిలబడి కాఫీ కొనుక్కుంటే ఇవ్వాలని లేదు. ఈమధ్య అక్కడ కూడా ఒక తెర మనవైపు తిప్పి 18, 20, 22 అని చూపిస్తున్నారు, వెనక క్యూలో నలుగురు చూస్తుంటారు. మొహమాటపడకుండా వద్దు అన్నది నొక్కండి. మన గోదావరి వాళ్ళకి అదే కష్టం, నాకు తెలుసు.

ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ పెట్టించుకుంటారుగా! ఆ సేవ ఉచితమే, టిక్కెట్టుతోనే వస్తుంది. అయినా ఇమిగ్రేషన్ క్యూలన్నీ దాటించి అల్లుడుగారి కారు దాకా తోసుకొచ్చిన వాళ్ళ చేతిలో అయిదు డాలర్లు పెట్టడం మర్యాద. అందుకని ఒకటి, అయిదు డాలర్ల నోట్లు కొన్ని ఇక్కడే అడిగి తీసుకోండి. అన్నీ వందలిస్తే చిక్కు.

ఇక కార్డు. వడ్డించినతను మీ కార్డు తీసుకుని లోపలికి వెళ్ళిపోతాడు. కంగారు పడకండి, అక్కడ అది మామూలే. రెండు చీటీలతో తిరిగొస్తాడు. ఒకటి మీరు ఉంచుకోవడానికి, రెండోది సంతకం పెట్టి అక్కడ వదలడానికి. ఆ రెండోదానిలో టిప్‌కి ఒక గీత, మొత్తానికి ఒక గీత ఖాళీగా ఉంటాయి. తిండి 80 డాలర్లయితే న్యూజెర్సీ పన్ను 6.625 శాతం, అంటే 5.30. మీ ఫోన్‌కి 85.30 అని మెసేజ్ వస్తుంది. మీరు టిప్ గీత మీద 15, కింద 100.30 అని రాస్తారు. ఖాతాలో చివరికి కోతపడేది ఆ రెండో అంకె. మావారి కార్డులోంచి ఎవరో డబ్బు లాగేశారని ఒకావిడ మా కౌంటర్‌కి పరుగెత్తుకొచ్చింది, తీరా చూస్తే అది ఆయన రాసిన టిప్పే. టిప్ నోట్ల రూపంలో ఇస్తే ఆ గీతని ఖాళీగా వదలకండి, అడ్డంగా కొట్టేసి కింద మొత్తం రాయండి.

ఒక్కటి మాత్రం తప్పకుండా చూడండి. ఆరుగురు, ఎనిమిదిమంది కలిసి వెళ్తే చాలాచోట్ల 18 శాతం వాళ్ళే బిల్లులో కలిపేస్తారు. మా మనవడి పుట్టినరోజుకి తొమ్మిదిమందిమి వెళ్ళాం. బిల్లు నేనే కడతానని పట్టుబట్టి, పెద్దరికంగా ఇరవై శాతం రాసేశాను. కారెక్కాక కోడలు చీటీ చూసి, "మామయ్యగారూ, ఇందులో టిప్ ముందే ఉందండీ" అంది. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానని చెప్పాను. నిజానికి అది జేబులోనే ఉంది.

మన కార్డులు 2020 నాటి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం విదేశీ వాడకం ఆపేసే వస్తాయి. బ్యాంకు యాప్‌లో మీరే తెరిచి, పరిమితి పెట్టుకోవాలి. ఇండియా సిమ్‌కి రోమింగ్ ఉండేలా చూసుకోండి, ఓటీపీ వచ్చేది దానికే. మామూలు డెబిట్ కార్డు మీద చాలా బ్యాంకులు 3.5 శాతం దాకా మారకం రుసుము, దానిమీద 18 శాతం జీఎస్టీ వేస్తాయి. అంటే వంద డాలర్ల వస్తువు నూటనాలుగు. నన్నడిగితే డాలర్లు నింపిన ఫారెక్స్ కార్డు ఒకటి, అత్యవసరానికి డెబిట్ కార్డు వేరే సంచిలో. మీరే కారులో పెట్రోలు పోసుకోవాల్సి వస్తే పంపు దగ్గర మిషను జిప్ కోడ్ (అక్కడి పోస్టల్ పిన్‌కోడ్) అడిగి మన కార్డుని తిప్పికొట్టవచ్చు, లోపలికి వెళ్ళి కట్టండి. న్యూజెర్సీలో ఆ బాధ లేదు. పెట్రోలు మనం పోసుకోవడం చట్టం ఒప్పుకోదు, మనిషే వచ్చి పోస్తాడు.

ప్రశ్న: దుబాయ్‌లో కార్డు పెడితే రూపాయల్లోనా, దిర్హమ్‌లలోనా అని మిషను అడిగింది. తెలిసిన డబ్బు కదా అని రూపాయలు నొక్కాను. తప్పు చేశానా?
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: చేశారు. నేనూ చేశాను, ముప్ఫై ఏళ్ళు మారకం రేట్లు రాసి కూడా. లండన్ హోటల్లో నాలుగొందల పౌండ్ల బిల్లుకి రిసెప్షన్‌లో అమ్మాయి నవ్వుతూ రూపాయలా అంటే తలూపాను. గదికి వెళ్ళి లెక్కేస్తే పద్దెనిమిది వందలు ఎక్కువ. రూపాయలు అంటే మార్చేది మీ బ్యాంకు కాదు, ఆ మిషను వెనక ఉన్నవాళ్ళు, వాళ్ళకి నచ్చిన రేటుకి. పైగా మన బ్యాంకులు కొన్ని దానిమీద కూడా రుసుము వేస్తాయి. ఎప్పుడూ ఆ దేశపు డబ్బే నొక్కండి. ఏటీఎంలో కూడా అంతే. అన్నట్టు లండన్ బిల్లులో తరచుగా 12.5 శాతం సర్వీస్ చార్జి ఉంటుంది. అది ఐచ్ఛికమని రాసి ఉంటే తీసేయమని అడగొచ్చు. ఉంచితే మళ్ళీ టిప్ అక్కర్లేదు.

ప్రశ్న: రొయ్యల వ్యాపారం పనిమీద జపాన్ వెళ్తున్నాను. అక్కడ టిప్ ఎంత?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: సున్నా. బల్లమీద వదిలేస్తే మర్చిపోయారనుకుని రోడ్డు దాకా పరుగెత్తుకొచ్చి ఇచ్చేస్తారు. సాయంత్రం మందు అమ్మే చిన్న హోటళ్ళలో మీరు అడక్కుండానే ఒక గిన్నెలో ఏదో తెచ్చిపెడతారు. దాన్ని ఒటోషి అంటారు, బిల్లులో మనిషికింత అని పడుతుంది, గొడవ పడకండి. డబ్బు చేతికివ్వకుండా కౌంటర్ మీది చిన్న పళ్ళెంలో పెట్టాలి. సోంపు కోసం వెతక్కండి, ఉండదు.