స్పెయిన్‌లో అద్దె ఇంటికి ఏ మాటలు కావాలంటే

తమ్ముడూ, సెప్టెంబర్‌లో మాడ్రిడ్ వెళ్తున్నావు, స్పానిష్ రాదు, ఓనర్‌తో ఎలా మాట్లాడాలని టెన్షన్ అన్నావు. పుస్తకం మొత్తం చదవక్కర్లేదు.

మన ఎంవీపీ కాలనీలో గేటుకి ‘టు లెట్’ బోర్డు ఉన్నట్టే అక్కడ ‘సే ఆల్కీలా’ అని ఉంటుంది. ‘బుస్కో ఉనా అబితాసియోన్’ అంటే గది వెతుకుతున్నాను. ‘నేను’ అక్కర్లేదు, మన ‘వెతుకుతున్నాను’లో లాగే క్రియ చివరే చెప్పేస్తుంది. ఉందా అని అడగాలంటే ‘అయ్’ చాలు: ‘అయ్ అసెన్సోర్?’ అంటే లిఫ్ట్ ఉందా? (ఐదో అంతస్తు అయితే ముందు ఇదే అడుగు!)

అసలు జాగ్రత్త డబ్బు దగ్గర. అడ్వాన్స్‌ని ‘ఫియాన్సా’ అంటారు. నివాసపు ఇంటికి చట్టం చెప్పే ఫియాన్సా ఒక నెల అద్దె; ఓనర్ అదనపు హామీ వేరేగా అడగొచ్చు. ‘లోస్ గాస్తోస్ ఎస్తాన్ ఇంక్లుయీదోస్?’ అని తప్పకుండా అడుగు. కరెంటు, నీళ్ల బిల్లులు అద్దెలో కలిశాయా అని. ‘మే ప్వేదో ఎంపద్రొనార్?’ కూడా. ఆ చిరునామాతో మునిసిపాలిటీలో పేరు నమోదు చేసుకోవచ్చా అని అర్థం.

పెద్దవాళ్లయితే ‘తూ’ వద్దు, ‘ఉస్తెద్’ అను, మన ‘మీరు’ అన్నమాట.