ప్రాసెసర్ కొన్నాక మళ్లీ డబ్బు కట్టి స్పీడ్ పెంచుకోవడం న్యాయమేనా?

"లోపల ముందే ఉన్న స్పీడ్‌ని లాక్ చేసి అమ్మి, తర్వాత డబ్బు తీసుకుని తెరవడం న్యాయమేనా?" అని అడిగారు. డబ్బు తీసుకోవడం గురించి నాకు పెద్ద పేచీ లేదు. కట్టిన తర్వాత కూడా తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంటుంది చూడండి, నా గొడవంతా దాని మీదే.

నేను సర్వర్లు, నెట్‌వర్క్ చూసుకునే పనిలో ఉన్నాను. మా ఆఫీసులో ట్రాఫిక్‌ని సర్వర్ల మధ్య పంచే లోడ్ బ్యాలన్సర్ బాక్స్ ఒకటి ఉండేది. లోపల ప్రాసెసర్, మెమరీ అన్నీ పూర్తిగానే ఉన్నా, లైసెన్స్ ఫైల్ ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకే డేటాని పోనిచ్చేది. వాడకం పెరిగాక పై లైసెన్స్ కొన్నాం. ఫైల్ ఎక్కించి రీబూట్ చేస్తే చాలు, ఒక్క స్క్రూ విప్పకుండానే అదే బాక్స్ రెట్టింపు పని చేసింది. ఇంత సులువా అని అందరం సంతోషపడ్డాం కూడా. ఆ తర్వాత ఒక శుక్రవారం రాత్రి దాని బోర్డు కాలిపోయింది. వారంటీ కింద అదే మోడల్ కొత్త బాక్స్ మర్నాడే వచ్చింది, అంతవరకు బాగానే ఉంది, కానీ మా లైసెన్స్ ఎక్కిస్తే తీసుకోలేదు. అది పాత బాక్స్ సీరియల్ నంబర్‌కి కట్టేసి ఉంది! సపోర్ట్‌కి ఫోన్ చేస్తే మొదట ఇన్వాయిస్ అడిగారు, తర్వాత పాత బాక్స్ తమ గోడౌన్‌కి చేరినట్టు నమోదైతే తప్ప లైసెన్స్ మార్చలేమన్నారు, ఆ గోడౌన్‌కేమో శని, ఆదివారాలు సెలవు. షిఫ్ట్ మారిన ప్రతిసారీ కొత్త మనిషి ఫోన్ ఎత్తడం, మళ్లీ మొదటి నుంచి కథంతా చెప్పుకోవడం. టికెట్‌లో రాసింది ఎవరూ ఎందుకు చదవరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఈలోగా సైట్ నత్తనడక నడుస్తోంది, మేనేజర్ నా కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు. మేం డబ్బు కట్టిన స్పీడ్ ఆ బాక్స్‌లోనే ఉంది, వాడుకోవడానికి మాత్రం లేదు.

ప్రాసెసర్ల విషయానికొస్తే ఇంటెల్ 2010లోనే ఈ ప్రయోగం చేసింది. పెంటియం జీ6951 కొన్నవాళ్లు 50 డాలర్లు పెట్టి కార్డు కొని, అందులోని కోడ్ కొడితే హైపర్ థ్రెడింగ్ (చిప్‌లో లెక్కలు చేసే ఒక్కో భాగం, అంటే ఒక్కో కోర్, ఒకేసారి రెండు పనులు చూసుకునే పద్ధతి) ఆన్ అయ్యేది, చిప్ లోపలే ఉండే వేగవంతమైన మెమరీ, అంటే క్యాష్, 3 ఎంబీ నుంచి 4 ఎంబీ అయ్యేది. జనం బాగా తిట్టారు. మరుసటి ఏడాది కోర్ ఐ3 చిప్‌లు కొన్నిటికీ ఇచ్చి చూసి, 2011లోనే ఆ పథకాన్ని ఆపేశారు. మళ్లీ 2023లో వచ్చిన నాలుగో తరం జియాన్ సర్వర్ చిప్‌లతో 'ఆన్ డిమాండ్' పేరుతో తెచ్చారు. ఈసారి ఎన్‌క్రిప్షన్, కంప్రెషన్ లాంటి పనులు వేగంగా చేసే యాక్సిలరేటర్లకు లైసెన్స్ పెట్టారు.

దీన్ని సమర్థించేవాళ్లు "చిప్‌లలో కొన్ని కోర్లు మూసేసి తక్కువ ధరకి అమ్మడం ఎప్పటినుంచో ఉన్నదే కదా" అంటారు. ఉంది, నిజమే. తయారీలో కొన్ని కోర్లు దెబ్బతింటాయి, వాటిని మూసేసి చవగ్గా అమ్మితే కొనేవాడికీ లాభమే. కానీ తర్వాత తెరుస్తామని చెప్పి అమ్మే చిప్ అలాంటిది కాదు. తెరిచాక పనిచేయాలంటే అది పూర్తి స్థాయిలో బాగుందని వాళ్లకి ముందే తెలిసుండాలి. అంటే బాగున్న సరుకునే కావాలని తగ్గించి ఇస్తున్నారన్నమాట. ఐబీఎం మెయిన్‌ఫ్రేముల్లోనూ, అంటే పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్లలోనూ, అదనపు ప్రాసెసర్లు ముందే పెట్టి, అవసరమైనప్పుడు డబ్బు తీసుకుని ఆన్ చేస్తారు. అక్కడ కొనేది పెద్ద బ్యాంకులు, వాళ్ల లాయర్లు కూర్చుని ఒప్పందంలో ప్రతి షరతూ రాయించుకోగలరు. విడిగా ఒక చిప్ కొనుక్కునే మనకి ఆ బలం ఎక్కడిది?

కాబట్టి మీరు కొనేటప్పుడు ఈరోజు ఎంత స్పీడ్ ఇస్తుందో దానికే లెక్క కట్టండి, రేపు తెరిచే స్పీడ్‌కి ఒక్క పైసా విలువ కూడా వేయకండి. లైసెన్స్ కొనక తప్పకపోతే, హార్డ్‌వేర్ మారిస్తే అది కొత్తదానికి ఎంతసేపట్లో మారుతుందో, సెలవు రోజుల్లో కూడా మారుస్తారో లేదో అడగండి. సెకండ్ హ్యాండ్‌లో అమ్మితే లైసెన్స్ కూడా దానితోపాటు వెళ్తుందా అన్నది కూడా అడగండి. జవాబులు ఫోన్‌లో కాదు, మెయిల్‌లో తీసుకోండి.